గిన్నెల చప్పుడులో ప్రార్థన

మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. ఒక పాట, ఒక కీర్తన చదవడం, ఆ తర్వాత నాన్న ప్రార్థన. అది చాలాసేపు సాగేది. నేను కళ్ళు మూసుకునేవాణ్ణి గానీ ధ్యాసంతా వంటింట్లోంచి వచ్చే పులుసు వాసన మీదే. అమ్మ మధ్యలో చప్పుడు చేయకుండా లేచి, వెళ్ళి మంట తగ్గించి, మళ్ళీ వచ్చి మోకరించేది. అలా లేచినందుకు ఆమె మొహంలో ఏదో తప్పు చేసినట్టు ఉండేది.

బ్రదర్ లారెన్స్ పేరుతో వచ్చిన 'దేవుని సన్నిధి అభ్యాసం' అన్న చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషులో చదువుతుంటే నాకు గుర్తొచ్చింది అలా లేచి వెళ్ళిన అమ్మే.

ఆయన అసలు పేరు నికొలాస్ హెర్మన్. ఫ్రెంచివాడు. ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో సైనికుడిగా ఉండి, గాయపడి కుంటివాడయ్యాడు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. అక్కడ ఆయనకి అప్పగించింది వంటపని. ఆ పనంటే ఆయనకి అస్సలు ఇష్టం లేదు. అయినా ఏళ్ళ తరబడి చేశాడు, తర్వాత చెప్పులు బాగుచేశాడు, 1691లో చనిపోయాడు. ఆయన ఉత్తరాలనీ, 1666 నుంచి ఆయనతో జరిపిన సంభాషణలనీ జోసెఫ్ ద బోఫోర్ అనే మతగురువు పుస్తకంగా తెచ్చాడు. అంటే సంభాషణల్లో మనం వినేది లారెన్స్ గొంతు కాదు, ఆయన్ని గౌరవించే ఒక మనిషి రాసుకున్న నోట్సు. ఈ తేడా ముఖ్యం.

ప్రసంగాల్లో ఈ పుస్తకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకటే మాట: గిన్నెలు తోముతూ కూడా ప్రార్థన చేయొచ్చు. మాట నిజమే, కానీ అది పుస్తకంలో తేలికైన భాగం. బరువైన భాగం ఉత్తరాల్లో ఉంది. మొదటి పదేళ్ళూ చాలా బాధపడ్డానని ఆయన ఒక ఉత్తరంలో ఒప్పుకుంటాడు. సన్నిధి ఆయనకి వరంలా ఒక్కరోజులో రాలేదు. మనసు పక్కకి పోవడం, తెలియగానే వెనక్కి తెచ్చుకోవడం, మళ్ళీ పోవడం. మనసు నిలవడం లేదని బాధపడే ఒకరికి ఆయన ఇచ్చే సలహా కూడా ఇదే: నిన్ను నువ్వు తిట్టుకోకు, నెమ్మదిగా వెనక్కి రా, ఎక్కువ మాటలు వాడకు, ధనవంతుడి గుమ్మం ముందు కూర్చున్న మూగ భిక్షగాడిలా ఉండు.

ఈ ఉత్తరం దగ్గర నేను ఆగిపోయాను. నాన్న పోయాక చాలా రోజులు నేను ప్రార్థన చేయలేకపోయాను. నమ్మకం పోయి కాదు. నోరు తెరిస్తే వచ్చే ప్రతి మాటా నాన్నదే. 'కృపగల తండ్రీ' అనగానే ఆయన గొంతే వినపడేది. మాట లేకుండా గుమ్మం దగ్గర కూర్చోవడమూ ప్రార్థనేనని నాకెవరూ చెప్పలేదు. మన సంఘాల్లో ప్రార్థనాపరుడంటే ధారాళంగా మాట్లాడేవాడు కదా!

అయితే పుస్తకంతో నాకో పేచీ ఉంది. లారెన్స్ వంటిల్లు మఠంలోది. అక్కడ ఏడ్చే పిల్లలు లేరు, ఉప్పు తక్కువైతే కంచం తోసేసే భర్త లేడు. ఇష్టం లేని పనిని దేవుని కోసం చేయాలని ఆయన తనకి తాను చెప్పుకుంటే అది సాధన. అదే మాట వంటింట్లో ఉన్న ఆడమనిషికి ఇంకొకరు చెబితే అది పెత్తనం. ప్రసంగాల్లో ఈ పుస్తకాన్ని వాడే తీరు చాలాసార్లు రెండోదే. చెప్పేవాళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు ఎంతమంది?

ఈ మధ్య అమ్మకి ఈ పుస్తకం గురించి చెప్పాను. అంతా విని, "ఆయనకి పదేళ్ళు పట్టిందా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నలో ఊరట ఉందో వెక్కిరింత ఉందో నాకు తెలియలేదు.

చదవాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే. సంభాషణలతో మొదలుపెట్టకండి. ముందు ఉత్తరాలు చదవండి. అక్కడ సాధువు కనపడడు. ప్రార్థన కుదరక మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టిన ఒక కుంటి వంటమనిషి కనపడతాడు. నాకు పనికొచ్చింది ఆయనే.