చర్మవ్యాధులు: పేర్లు, పొరపాట్లు

తెలుగులో ఆరోగ్య విషయములను గూర్చిన రచనలు విరివిగా వెలువడుచున్నవి. పత్రికల శీర్షికలలోను, చిన్న పుస్తకములలోను చర్మవ్యాధులకు తప్పక చోటు దొరకుచున్నది. అందుకు కారణము లేకపోలేదు. చర్మవ్యాధి రోగికే కాక ఎదుటివారికి కూడ కనిపించును. అందుచేత రోగి సిగ్గుపడును. వైద్యుని వద్దకు పోవుటకు ముందు పత్రిక చూచును, మందుల దుకాణములో ఏదో ఒక లేపనము కొనును. కావున ఈ రచనలపై బాధ్యత ఎక్కువ. దానిని అవి ఎంతవరకు నెరవేర్చుచున్నవో పరిశీలింపవలసి యున్నది.

ఈ రచనలలో సామాన్యముగా కనిపించు పద్ధతి యొక్కటి కలదు. మొదట వ్యాధి పేరు, తరువాత లక్షణములు, చివర రెండు మూడు చికిత్సలు. పద్ధతిలో దోషము లేదు. దోషము పేరు వద్దనే ప్రారంభమగుచున్నది. మన వాడుక పేర్లు చాలవరకు మచ్చ రూపమును బట్టియో, దురదను బట్టియో ఏర్పడినవి. చికిత్స మాత్రము కారణమును బట్టి జరుగవలెను. ఒకే పేరు రెండు మూడు వ్యాధులకు చెల్లునపుడు ఏ వ్యాధిని గూర్చి చెప్పుచున్నాడో రచయిత స్పష్టపరుపకున్నచో, పాఠకుడు ఒక వ్యాధికి చెప్పిన మందును మరియొక వ్యాధికి వాడును.

తామర, గజ్జి, ఎగ్జిమా

తామర అను మాటనే తీసికొందము. ఒక రచనలో అది అంటువ్యాధి. మరియొక రచనలో ఎగ్జిమాకు పర్యాయపదము. వేరొకచోట ఎగ్జిమాను గజ్జి యనుట కూడ కలదు. నిజమునకు ఇవి మూడును వేరువేరు వ్యాధులు.

తామరకు కారణము ట్రైకోఫైటన్ మొదలైన శిలీంధ్రములు, అనగా ఒక విధమైన బూజు. ఇవి చర్మపు పైపొరలో నుండు కెరాటిన్ అను ప్రోటీనును తిని బ్రతుకును. నడుమ నుండి అంచులవైపునకు వ్యాపించుట చేతనే మచ్చ ఉంగరమువలె కనిపించును. చెమట, బిగుతు దుస్తులు, ఒకరి తువ్వాలు మరియొకరు వాడుట దీనికి దోహదములు. శిలీంధ్రమును చంపు మందును వైద్యుడు చెప్పినంత కాలము వాడుటయే దీనికి చికిత్స.

గజ్జికి కారణము సార్కోప్టిస్ అను పురుగు. ఎనిమిది కాళ్లు గల ఈ పురుగు కంటికి కనిపించీ కనిపించనంత చిన్నది. ఇటలీ దేశములో బొనోమో, చెస్తోని అనువారు 1687లోనే దీనిని సూక్ష్మదర్శినితో చూచి వర్ణించిరి. ఆడ పురుగు చర్మములో సొరంగము తొలిచి గ్రుడ్లు పెట్టును. వ్రేళ్ల సందులలోను, మణికట్ల వద్దను దురద పుట్టి రాత్రివేళ అధికమగును. మొదటిసారి సోకినవారికి దురద 4 మొదలు 6 వారములకు గాని తెలియకపోవచ్చును. ఆలోపల అది ఇంటిలో ఇతరులకు అంటును. కనుక దురద ఉన్నవారు, లేనివారు అను భేదము లేక ఇంటివారందరు ఒకేసారి చికిత్స పొందవలెను. 5 శాతము పెర్మెత్రిన్ లేపనమును రాత్రి మెడ నుండి అరికాళ్ల వరకు పూసికొని ఉదయము కడిగికొనుట, ఒకటి రెండు వారములలో మరల పూసికొనుట వాడుకలో నున్న విధానము. దురద ఉన్నచోట మాత్రమే మందు రాయుమని చెప్పు రచనలు ఈ వ్యాధిని ఇంటినుండి వెళ్లగొట్టజాలవు.

ఎగ్జిమాలో పురుగు లేదు, బూజు లేదు. అది అంటదు. చర్మపు పైపొర తన రక్షణశక్తిని కోల్పోవుటయు, శరీరపు రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించుటయు దీనికి మూలములు. ఫిలాగ్రిన్ అను ప్రోటీనుకు సంబంధించిన జన్యువులోని లోపము కొందరిలో ఇందుకు తోడ్పడునని 2006లో వెల్లడియైనది. సబ్బు, సిమెంటు, నికెల్ కలిసిన నగలు మున్నగునవి కూడ కొందరిలో దీనిని రేపును. చర్మము ఎండిపోకుండ చూచుకొనుట, వైద్యుని సలహాపై స్టెరాయిడు లేపనము వాడుట దీనికి చికిత్సలు.

పేరులోని పొరపాటు ఎంత హాని చేయునో ఇచ్చటనే తెలియును. అమెరికాలో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అను వైద్యులు 1952లో హైడ్రోకార్టిజోన్ లేపనపు ఫలితములను ప్రకటించినది మొదలు ఎగ్జిమా చికిత్సలో గొప్ప మార్పు వచ్చినది. స్టెరాయిడు వాపును, దురదను అణచును. దానితోపాటు చర్మములోని రోగనిరోధక శక్తిని కూడ అణచును. ఎగ్జిమాలో మేలు చేయు ఈ గుణమే తామరలో కీడు చేయును. రెండు మూడు దినములలో దురద తగ్గును, రోగి సంతోషించును, శిలీంధ్రము అడ్డు లేక వ్యాపించును. ఉంగరపు ఆకారము చెరిగిపోయి, అనుభవము గల వైద్యుడు కూడ వెంటనే గుర్తింపలేని స్థితి వచ్చును. పలుమార్లు రాసినచో చర్మము పలుచబడి మానని చారలు పడును. ఎగ్జిమాను మనసులో పెట్టుకొని "తామరకు స్టెరాయిడు లేపనము" అని వ్రాసిన రచయిత తన దృష్టిలో తప్పు వ్రాయలేదు. కాని నిజమైన తామర గల పాఠకునికి ఆ వాక్యము హాని చేసినది.

ఇది ఊహ మాత్రమే కాదు. స్టెరాయిడు, శిలీంధ్రనాశకము, యాంటీబయాటిక్ కలిపిన లేపనములు మన దేశములో విచ్చలవిడిగా అమ్ముడుపోయినవి. కొన్ని సంవత్సరములుగా మొండి తామర దేశమంతట పెరిగినది. అందుకు ఈ లేపనములు కూడ ఒక కారణమని చర్మవైద్యులు హెచ్చరించుచున్నారు. టెర్బినాఫిన్ అను ముఖ్యమైన మందుకు పెక్కుమారులు లొంగని శిలీంధ్ర జాతికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టిరి. మన దేశపు పేరు అందులో ఇమిడియున్నది. ఆ జాతి వలన కలిగిన తామర అమెరికాలో కూడ కనిపించినట్లు 2023లో ప్రకటించిరి. వైద్యుని చీటీ లేకుండ పలు స్టెరాయిడు లేపనములను అమ్మరాదని ప్రభుత్వము 2018లో నిబంధన చేసినది. దుకాణమును కట్టడి చేయుట నిబంధన పని. పాఠకునికి కారణము తెలియజెప్పుట రచయిత పని.

బొల్లి, కుష్ఠు

రెండవ పొరపాటు శరీరము కంటె బ్రతుకునే ఎక్కువగా గాయపరచును. అది బొల్లిని శ్వేతకుష్ఠు అనుట.

ప్రాచీన ఆయుర్వేద గ్రంథములలో కుష్ఠము అనునది ఒక్క వ్యాధి పేరు కాదు. చరకసంహిత పదునెనిమిది విధముల కుష్ఠములను చెప్పినది. తామరకు సంస్కృత నామమైన దద్రువు కూడ వానిలో నున్నది. తెల్లమచ్చలకు శ్విత్రము అను వేరు పేరు కలదు. కాలక్రమమున కుష్ఠు అను మాట ఒక్క వ్యాధికే పరిమితమైనది. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనిన సూక్ష్మజీవి ఆ వ్యాధికి కారణము. అర్థము మారిన తరువాత కూడ శ్వేతకుష్ఠు అను సమాసమును వాడుట వలన, ఒక వ్యాధికి అంటుకొనిన అపకీర్తి దానితో సంబంధము లేని మరియొక దానికి పట్టినది.

బొల్లిలో చర్మమునకు రంగునిచ్చు కణములు నశించును. శరీరపు రోగనిరోధక వ్యవస్థ వానిపై దాడి చేయుటయే అందుకు ముఖ్య కారణము. అది ముట్టుకొన్నను, కలిసి భుజించినను అంటదు. మచ్చపై స్పర్శజ్ఞానము చెడదు. కుష్ఠు మచ్చపై స్పర్శజ్ఞానము తగ్గును, లేదా పోవును. దానికి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా దొరకును. వ్యాధి తీవ్రతను బట్టి 6 లేదా 12 నెలలలో పూర్తియగును. కుష్ఠు మచ్చను బొల్లి యనియో, శోభి యనియో ఉపేక్షించినచో నరములు దెబ్బతిని అంగవైకల్యము కలుగవచ్చును. కనుక పేర్ల కలగాపులగము రెండు విధముల కీడు చేయుచున్నది: బొల్లి గలవారిని అకారణముగా వెలివేయుచున్నది, కుష్ఠు గలవారికి చికిత్సను ఆలస్యము చేయుచున్నది.

చట్టము సయితము తన తప్పును దిద్దుకొన్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దైనది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనలను 2019లో తొలగించిరి. మన రచనలలో మాత్రము శ్వేతకుష్ఠు ఇంకను నిలిచియున్నది.

ఎర్రని మచ్చ

మూడవ లోపము అనువాదము వలన వచ్చినది. ఏ చర్మవ్యాధిని వర్ణించినను "ఎర్రని మచ్చ" అని మొదలుపెట్టుట ఒక అలవాటైనది. ఇది తెల్లని చర్మమును చూచి వ్రాసిన ఆంగ్ల గ్రంథముల వర్ణన. చామనచాయ లేదా నలుపు చర్మముపై అదే వాపు గోధుమ రంగుగనో, ఊదాగనో, ఒకింత నలుపుగనో కనిపించును. ఎరుపు కొరకు వెదకిన పాఠకుడు తనకు ఆ వ్యాధి లేదనుకొనును. మన రచనలలోని వర్ణనలు మన చర్మమును చూచి వ్రాసినవి కావలెను. చిత్రములు కూడ అట్టివే కావలెను.

జనుల వాడుకను శాసించుట సాధ్యమా యని కొందరు ప్రశ్నింతురు. సాధ్యము కాదు, అవసరమును లేదు. ఇంటిలో ఎవరు ఏ పేరుతో పిలిచినను నష్టము లేదు. చికిత్స చెప్పు రచయితకు మాత్రము ఆ స్వేచ్ఛ లేదు. విచర్చిక వంటి పదములను పునరుద్ధరించుట వలన కూడ మేలు కలుగదు; అవి పాఠకునికి తెలియవు. తామరను శిలీంధ్రవ్యాధికే, గజ్జిని పురుగు వలన వచ్చు వ్యాధికే నియమించి, ఎగ్జిమాను ఆ పేరుతోనే వాడుట సులభమైన మార్గము. బొల్లి యను చక్కని తెలుగు మాట ఉండగా శ్వేతకుష్ఠు అక్కరలేదు. పేరు చెప్పిన వెంటనే కారణమేమి, అంటునా అంటదా, ఏమి చేయరాదు అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పి, ఆ తరువాతనే మందు మాట ఎత్తవలెను. ఈమాత్రము నియమము పాటించిన రచన చిన్నదైనను, పాఠకుని దుకాణము వైపు కాక వైద్యుని వైపు నడిపించును.