బాలకథాచిత్రములందు రాక్షసమూర్తి: భయహాస్యముల పొత్తు

ప్రౌఢకావ్యమందు రాక్షసుని రూపము నిర్మించువాడు కవి. కన్నులు, కోరలు, కంఠధ్వని, నడక మున్నగువానిని అతడు పదములతోనే కల్పించి పాఠకుని మనస్సున నిలుపును. బాలకథయందు ఈ స్థితి మారిపోవుచున్నది. ఒకానొక అడవిలో ఒక రాక్షసుడు కలడని చెప్పి కథకుడు ముందునకు సాగిపోవును. ఆ రాక్షసునకు కొమ్ము ఒకటియా రెండా, అతడు కట్టినది తోలా వస్త్రమా, ఆకలి వేసినపుడు అతని మొగ మెట్లుండును, మోసపోయినపుడు ఎట్లుండును అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవాడు చిత్రకారుడే. ఇట్టి యెడ చిత్రకారుడు కథకు వ్యాఖ్యాత మాత్రుడా, లేక పాత్రనిర్మాణమున సహకర్తయా అనునది మేమిచ్చట విచారింపదలచిన విషయము. మన సాహిత్యపరిశోధన బాలకథను పాఠముగా మాత్రమే చదువుచున్నంత కాలము ఈ ప్రశ్న దాని కంటబడదు.

ముందుగా రసదృష్టితో చూతము. భరతుడు రౌద్రమును రాక్షసదానవులకును ఉద్ధతులైన మనుష్యులకును ప్రధానముగా సంబంధించిన రసమనినాడు. భయానకమునకు చెప్పిన విభావములలో వికృతధ్వని యున్నది. హాస్యమునకు చెప్పిన విభావములలో వికృతవేషమును, వికృతాలంకారమును ఉన్నవి. అనగా వికృతి భయహాస్యములు రెండింటికిని ఉమ్మడి సొత్తు. ఏ వికృతి భయమును పుట్టించును, ఏ వికృతి నవ్వును పుట్టించును అను విభాగమునకు అభినవగుప్తుని అనౌచిత్యవిచారము దారి చూపుచున్నది. ఏ భావమైనను అనుచితస్థానమున ప్రవర్తించినచో హాస్యమునకు హేతువగునని ఆయన మతము. దీనిని మన విషయమునకు అన్వయించినచో ఇట్లు చెప్పవచ్చును: చూచువానిని బెదరించు వికృతి భయమునకు కారణము, తన గొప్పకు తానే చాలని వికృతి నవ్వునకు కారణము. కొండంత దేహము గలవాడు ముల్లు గ్రుచ్చుకొని కంట నీరు పెట్టుకొన్నచో కోర లూడకయే భయము సడలును. బాలకథాచిత్రకారుని పని యంతయు ఈ సంధిస్థానమున నున్నది.

మన దేశీయకళలలో ఈ రెండు భావములకును వేర్వేరు పాత్రలు ఏర్పడియుండెను. తోలుబొమ్మలాటలో రావణుడు తెరమీదికి వచ్చినపుడు భయము. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినపుడు నవ్వు. ఒకరి పని యొకరు చేయరు. ప్రేక్షకుడు భయపడి అలసినపుడు కేతిగాడు అతనికి ఊరట. కొయ్యబొమ్మల దారి వేరు. వరాహనదీతీరమున నున్న ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిమెన పట్టి, లక్క రంగులద్ది బొమ్మలు చేయుదురు. తరిమెనమీద తిరిగిన కర్ర సహజముగా గుండ్రని రూపము నొందును. గుండ్రని దేహముపై క్రౌర్యము నిలుచుట కష్టము. ఏ పాత్రను చేసినను కొంత బొద్దుతనము, కొంత ముద్దు దానికి తప్పవు. భయంకరుడును హాస్యగాడును ఒకే దేహమున కలియుట మాత్రము తెలుగున అచ్చుబొమ్మల కాలమున విస్తృతముగా జరిగినదని మా అభిప్రాయము.

ఈ పరిణామమునకు ప్రధానరంగము ‘చందమామ’. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసున దీనిని ప్రారంభించిరి. 1952 మొదలు 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారి చేతిలో దాని వచనము తీర్చబడెను. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు మాంత్రికులతోను, రాక్షసులతోను, వింతజంతువులతోను నిండియుండెను. వానికి రూపమిచ్చినవారు ‘చిత్రా’ యను పేర ప్రసిద్ధులైన టి. వి. రాఘవన్‌గారు.

ధారావాహికాచిత్రకారునకు ఒక ప్రత్యేకమైన కష్టము కలదు. ఒంటికథలో రాక్షసు డొకసారి కనబడి చచ్చును. ధారావాహికలో అతడు నెలనెలకు రావలెను. వచ్చినపుడెల్ల బాలుడు వానిని పోల్చుకొనవలెను. పోల్చుకొన్న పిమ్మట కొత్తగా ఏదేని చూడవలెను. కావున మారని లక్షణములు కొన్ని, మారు భావములు కొన్ని ఏర్పరచుకొనుట అవసరము. చిత్రాగారి పద్ధతిలో కొమ్ములు, కోరలు, ఆయుధము, కట్టుబడి మారనివి. కనుబొమలు, నోరు, చేతుల విరుపు మారునవి. దేహము రాక్షసునిది, ముఖభావము మన వీథిలోని మనుష్యునిది. ఆశ్చర్యపడిన రాక్షసుడు ఆశ్చర్యపడిన పెదనాన్నవలె నుండును. బాలునకు చనువు కలుగుట యిచ్చటనే. ‘మకరదేవత’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటి పేరులే జంతువును ఇతరస్వభావముతో జతకట్టుచున్నవి. ఆ జత పేరులో ఒక సమాసము. బొమ్మలో అది ఒక దేహము కావలెను. రెండు స్వభావముల అతుకు కనబడకుండ కలుపుట చిత్రకారుని సమాసఘటన.

అయితే ప్రతి వికృతమూర్తియు నవ్వింపవలెనను నియమము లేదు. శంకర్ (కె. సి. శివశంకరన్, 1924-2020) గారి విక్రమార్కబేతాళచిత్రము దీనికి సాక్ష్యము. దూసిన కత్తి, భుజముపై శవము, చుట్టును శ్మశానము. ఇచ్చట నవ్వునకు తావు లేదు, ఉండరాదు. బేతాళుడు ప్రశ్న వేయువాడు. తెలిసియు చెప్పకున్నచో తల పగులునను షరతు కథకు ఆయువుపట్టు. అట్టివాడు బొద్దుగా, ముద్దుగా నున్నచో షరతునకు బరువు పోవును. రాజు పట్టుదలకును విలువ పోవును. ఎచ్చట నవ్వింపరాదో ఎరుగుటయు ఔచిత్యజ్ఞానమే.

మూడవ మార్గము వడ్డాది పాపయ్యగారిది. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖకు సమీపమున, నేటి అనకాపల్లి జిల్లాలోని కశింకోటలో నివసించి, 1992లో దివంగతులైన ఈ చిత్రకారుడు చందమామకు ముఖచిత్రములు రచించినారు. లోపలి బొమ్మ కథతో పాటు చూడబడును. ముఖచిత్రము కథకు ముందే చూడబడును. కావున పాపయ్యగారు పురాణఘట్టములను చిత్రించునపుడు భయముకంటెను నవ్వుకంటెను అద్భుతమును ఆశ్రయించిరి. వారి వర్ణసంయోజనము వికృతిని సైతము కాంతిమంతము చేయును. రాక్షసుని చూచి బాలుడు వెనుకకు జంకడు, పకపక నవ్వడు. కన్నులు విప్పార్చి నిలుచును.

ఈ విచారమునకు బలముగా 1957నాటి ‘మాయాబజార్’ చలనచిత్రమును స్మరింపవచ్చును. అదియు నాగిరెడ్డి, చక్రపాణిగార్ల సంస్థనుండి వెలువడినదే. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గార్లు. ఘటోత్కచుని పేరులోనే కుండ యున్నది. కుండవంటి బోడితల గలవాడగుటచే భారతకథ అతని కా పేరు పెట్టినది. ఎస్. వి. రంగారావుగారి ఘటోత్కచుడు గద ధరించిన రాక్షసుడే, భోజనప్రియుడైన పెద్దపిల్లవాడును అతడే. అతడు శశిరేఖారూపమున పెండ్లిపీటపై కూర్చుండి లక్ష్మణకుమారుని కాలు త్రొక్కు ఘట్టమున రాక్షసబలము కన్యాదేహమున ప్రవర్తించుచున్నది. అభినవగుప్తుడు చెప్పిన అనౌచిత్యమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము తెలుగుతెరపై మాకు తోచలేదు. బలము తగ్గలేదు, దాని చోటు మారినది, నవ్వు పుట్టినది.

ఈ సమస్య మన భాషకే పరిమితము కాదు. అమెరికా చిత్రకారుడు మారిస్ సెండాక్ 1963లో ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ను ప్రకటించెను. మొదట అడవిగుఱ్ఱములతో కథ యల్లదలచి, గుఱ్ఱములు తనకు కుదురక వింతమృగములను గీసెను. తన బాల్యమున ఇంటికి వచ్చి బుగ్గలు గిల్లిన బంధువులే ఆ మృగములకు మాతృకలని ఆయనయే చెప్పియున్నాడు. పిల్లలు జడిసికొందురని కొందరు పెద్దలు ఆ గ్రంథమును ఆక్షేపించిరి. పిల్లలు మాత్రము దానిని విడువలేదు. చుట్టపు ముఖమును రాక్షసదేహమున నిలుపుట చిత్రాగారి పద్ధతికి ఎంత సన్నిహితమో గమనింపదగును. ఒకరి ప్రభావ మొకరిపై నున్నదని మేము చెప్పుట లేదు. ఒకే అవసరము రెండు దేశములందు ఒకే ఉపాయమును కనుగొనినది.

ఇచ్చట ఒక ఆక్షేపము రాగలదు. నవ్వించు రాక్షసుడు రాక్షసుడే కాడనియు, భయము లేని కథలో ధైర్యమునకు పని లేదనియు కొందరనవచ్చును. ఈ మాటలో సత్యమున్నది. నేటి యచ్చుబొమ్మలలోను, చలద్బొమ్మలలోను కోరలు తీసివేసి, కన్నులు పెద్దవి చేసి, రాక్షసుని ఎలుగుబంటి బొమ్మగా మార్చుట తరచుగా కనబడుచున్నది. అది హాస్యము కాదు, భయమునకు పరిహారమును కాదు, భయమును దాచిపెట్టుట. రాక్షసుని గెలిచితినని బాలుడు సంతోషింపవలెనన్నచో గెలువదగినంత రాక్షసుడు బొమ్మలో మిగిలియుండవలెను. చిత్రాగారి రాక్షసుడు నవ్వించునపుడును అతని కోర అతని నోటనే యున్నది. ఆ కోరయు ఆ నవ్వును ఏకకాలమున నిలిచినప్పుడే పాత్ర సజీవమగును.

కావున బాలకథయందు చిత్రకారుడు పాత్రనిర్మాణమున సహకర్త యనియే మా నిర్ణయము. ‘చందమామ’ ప్రచురణ 2012-13 ప్రాంతమున నిలిచిపోయినది. ఇకపై ఆ సంచికలు గ్రంథాలయవస్తువులు. వానిని పరిశీలించు విద్యార్థులు కథల పట్టికలతో తృప్తిపడక, ఏ రాక్షసుని ఏ నెల ఎవరు గీసిరి, ఏ లక్షణము నిలిచినది, ఏది మారినది అను పట్టికలను కూడ సిద్ధపరచవలెను. కథకుడు చెప్పక విడిచినదానిని ఎవరు పూరించిరో తెలియనంతవరకు ఆ కథ మనకు సగమే తెలిసినట్లు.