కరెనిన్ నవ్వు, జాటోపెక్ ముఖం

మిలన్ కుందేరా ‘ది అన్‌బేరబుల్ లైట్‌నెస్ ఆఫ్ బీయింగ్’ (1984) గురించి మాట్లాడుకునేటప్పుడు, చివరి భాగం దగ్గరికొచ్చేసరికి చాలామంది కాస్త ఇబ్బంది పడతారు. సోవియట్ ట్యాంకులు, రహస్య పోలీసులు, ప్రవాసం, ప్రేమలు, ద్రోహాలు అన్నీ నడిచిన నవల ఏడో భాగంలో కాన్సర్ వచ్చిన ఓ కుక్క చుట్టూ తిరుగుతుంది. దేశం అలా అయిపోతే మీరు కుక్క గురించి ఏడుస్తున్నారేంటి అని అడగాలనిపిస్తుంది. నవల రాజకీయాల్నుంచి తప్పించుకుని పల్లెటూళ్ళో దాక్కుందని ఒక ఆరోపణ. మరీ కన్నీళ్ళు పిండాడని ఇంకొకటి.

నాకు మాత్రం ఈ నవలలో రాజకీయం అన్నిటికంటే సూటిగా ఉన్నది ఆ భాగంలోనే అనిపిస్తుంది. అలాగే ఈ నవల ఎక్కడ తన హీరోకి వెసులుబాటు ఇచ్చిందో కూడా అక్కడే తెలుస్తుంది. అది కనబడాలంటే పక్కన ఇంకో పుస్తకం పెట్టుకోవాలి: ఫ్రెంచి రచయిత జాఁ ఎషెనోజ్ 2008లో రాసిన చిన్న నవల ‘కురీర్’ (పరిగెత్తడం). చెక్ దూరపు పరుగుల వీరుడు ఎమిల్ జాటోపెక్ జీవితమే దాని కథ. రెండు పుస్తకాలదీ ఒకటే దేశం, ఒకటే కాలం. రెండింట్లోనూ ముఖ్యపాత్రని అడిగేది ఒకటే: సంతకం.

ముందు ఆ కాలం సంగతి. 1968 ఆగస్టులో వార్సా ఒప్పంద సైన్యాలు చెకోస్లొవేకియాలోకి దిగాయి. మరుసటి ఏప్రిల్‌లో దూబ్చెక్ స్థానంలో హుసాక్ వచ్చాడు. ఆ తర్వాత జరిగినదానికి ప్రభుత్వమే పెట్టుకున్న పేరు ‘సాధారణీకరణ’. 1971 నవంబరులో ఎన్నికలు కూడా జరిగాయి. ఒకటే జాబితా, నేషనల్ ఫ్రంట్‌ది. ఫలితం 99 శాతానికి పైగా అనుకూలం. పోలింగ్ కేంద్రంలో తెర ఉండేది, కానీ తెర వెనక్కి వెళ్ళినవాడు ఎవరి పేరో కొట్టేయడానికే వెళ్ళాడని అనుమానం. కాబట్టి తెలివైనవాళ్ళు అందరూ చూస్తుండగానే కాగితం మడిచి పెట్టెలో వేసి ఇంటికెళ్ళిపోయేవారు. మనం వేలిమీద సిరాచుక్క చూపించి ఫొటో దిగుతాం, ఎవరికి వేశామో మాత్రం మనలోనే ఉంచుకోవచ్చు. అక్కడ ఆ దాచుకునే జాగా లేదు. ఎవరు గెలుస్తారన్నది ముందే తేలిపోయింది. ప్రభుత్వానికి కావలసింది, నువ్వు లొంగావని నీ పక్కింటివాడు కూడా చూడటం.

క్షమాపణ పత్రాలదీ ఇదే పద్ధతి. నవలలో టొమాష్ మంచి సర్జన్. ఈడిపస్ మీద ఒక వ్యాసం రాశాడు: తెలియక చేసినా ఈడిపస్ తన కళ్ళు పొడుచుకున్నాడు, మరి మాకేం తెలుసు అంటున్న కమ్యూనిస్టు నాయకుల సంగతేంటని. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసిమ్మంటారు. ఇవ్వడు. ఆసుపత్రి పోతుంది, చివరికి కిటికీల అద్దాలు తుడిచే పని మిగులుతుంది. ఇక్కడ కుందేరా పట్టుకున్న విషయం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. టొమాష్ సంతకం పెడతాడని ఊహించుకుని ఆసుపత్రిలో జనం నవ్వే నవ్వులు రెండు రకాలు. ఇదివరకే లొంగిపోయినవాళ్ళది ‘రా, నువ్వూ మాలో ఒకడివే’ అన్న నవ్వు. లొంగనివాళ్ళది తమ మెట్టు ఇంకాస్త ఎత్తు పెరిగిందన్న నవ్వు. టొమాష్ భరించలేకపోయింది ప్రభుత్వాన్ని కాదు, ఈ నవ్వుల్ని. తర్వాత రాజకీయ ఖైదీల విడుదల కోరే అర్జీ మీద సంతకం పెట్టమని కొడుకే వచ్చి అడిగినా పెట్టడు. రెండు వైపులా అతని చెయ్యి ఖాళీ.

చివరి భాగానికి ‘కరెనిన్ నవ్వు’ అని పేరు పెట్టడంలో ఉద్దేశం ఇప్పుడు తెలుస్తుంది. కరెనిన్ ఆడకుక్కే, పేరు మాత్రం అన్నా కరెనినా భర్తది. టొమాష్, తెరెజా ప్రాగ్ వదిలి పల్లెకొస్తారు. అతను ట్రక్కు నడుపుతాడు, ఆమె దూడల్ని మేపుతుంది. ఒకరోజు కుక్క కుంటుతున్నట్టు కనిపిస్తుంది. వెనక కాలికి గడ్డ. అక్కణ్ణుంచి కథంతా జబ్బుకుక్క ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఇవాళ తిన్నదా, గుమ్మం దాటిందా, తోక ఊపిందా? రోజూ రొట్టెముక్క నోట కరుచుకుని, లాక్కోబోతే గుర్రుమంటూ ఆడుకోవడం దానికి అలవాటు. అది ఆడటం మానేసిన రోజున టొమాషే నాలుగు కాళ్ళమీద వంగి, రొట్టె పళ్ళతో పట్టుకుని గుర్రుమంటాడు. కుక్క కాస్త బదులిస్తుంది. వాళ్ళిద్దరికీ అదే కరెనిన్ నవ్వు. ఆ నవ్వు వెనక నిన్ను మాలో కలుపుకుంటామనీ లేదు, నీకంటే మేం మేలనీ లేదు.

విమర్శకులు పెద్దగా పట్టించుకోని ఒక సంగతుంది. కరెనిన్ కాలికి ఆపరేషన్ చేసేది టొమాషే, పశువైద్యుడు పక్కనుంటాడు. చివర్న సూది వేసేదీ అతనే. సంతకం పెట్టనందుకు ప్రభుత్వం లాగేసుకున్న చేతిపని నవలలో ఆఖరుసారి బయటికొచ్చేది ఒక కుక్క కోసం. దీన్ని రాజకీయాల్నుంచి పారిపోవడం అని ఎలా అంటాం? పైగా ఆక్రమణ తర్వాత పత్రికల్లో ముందు పావురాల మీద, తర్వాత కుక్కల మీద దాడి మొదలైందని, జంతువులమీద సాధన చేసిన ఆ కసి ఆనక మనుషులమీదికి మళ్ళిందని ఈ భాగంలోనే రాస్తాడు కుందేరా. ఊరకుక్కల మీద కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో జరిగే యుద్ధాలు చూసినవాళ్ళకి ఆ పేజీ వేరేలా వినిపిస్తుంది. కుక్కకాటు బాధ అబద్ధమని కాదు. ఆ బాధ దాటి బయటపడే ఉత్సాహం గురించి నేను మాట్లాడుతున్నది.

ఇంత మెచ్చుకున్నాక ఫిర్యాదు కూడా చెప్పాలి. కుందేరా టొమాష్‌కి చాలా సాయం చేశాడు. పట్టించుకునేవాళ్ళు లేని పల్లె, మంచి స్నేహితుడైన సహకార క్షేత్రం అధ్యక్షుడు, ఆనక ట్రక్కు ప్రమాదంలో చావు. ఖాళీ చెయ్యి ఖాళీగానే ఉండిపోతుంది. ఇంకో ఇరవై ఏళ్ళు బతికుంటే ఏం చేసేవాడన్న ప్రశ్న మనకి రాకుండా నవల ముగిసిపోతుంది.

ఆ ఇరవై ఏళ్ళూ జాటోపెక్ బతికాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచినవాడు. అంతకుముందు మారథాన్ పరిగెత్తనే లేదు. పరిగెత్తేటప్పుడు ఎవరో పొడుస్తున్నట్టు ముఖం వంకర్లు పోయేది. రోజూ 400 మీటర్లు, మళ్ళీ 400, మళ్ళీ 400, ఒళ్ళు ఒప్పుకోకపోయినా. కుక్క కాలం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అది సుఖంగా ఉంటుందని, మనిషి కాలం తిన్నగా పోతుంది కాబట్టి ఉండలేడని కుందేరా అంటాడు. 10,000 మీటర్లంటే 25 చుట్లు. ఆ మాటకి జాటోపెక్ బతుకే ఒక సవాలు.

1968లో వాత్సులిక్ రాసిన ‘రెండు వేల మాటలు’ ప్రకటన మీద జాటోపెక్ సంతకం చేశాడు. పార్టీ పోయింది, సైన్యంలో ఉద్యోగం పోయింది, భూగర్భ అన్వేషణ పనుల్లో ఇంటికి దూరంగా కూలి బతుకు. తర్వాతి ఏళ్ళలో తన పాత మాటల్ని వెనక్కి తీసుకున్నాడు. టొమాష్ భరించలేనన్న ఆ రెండు నవ్వుల్నీ ఈయన నిజంగానే భరించాడు.

ఎషెనోజ్ దీన్నంతటినీ పరుగులాంటి వాక్యాల్లో, పెద్దగా గొంతు పెంచకుండా చెప్పుకుపోతాడు. నవలలో జాటోపెక్ చెత్తబండి వెనక పరిగెడుతుంటే జనం గుర్తుపట్టి చప్పట్లు కొడతారు. చివర్న సంతకం పెట్టేసి, ఓ మూల చిన్న ఉద్యోగం తీసుకుని సర్దుకుంటాడు. తీర్పు లేదు. పుస్తకం బలం అదే, లోపమూ అదే. ఎషెనోజ్ చూపించే ఎమిల్ మరీ మెతక, మరీ అమాయకుడు. ఏళ్ళ తరబడి ఆ ప్రభుత్వానికి అలంకారంగా నిలబడి, ఆ గౌరవాలన్నీ తెలిసే అందుకున్న సైనికాధికారికి రెండోసారి సంతకం పెట్టేటప్పుడు లోపల ఏం జరిగిందో వాక్యం ఆగి చూడదు. కుందేరా అయితే అక్కడ పది పేజీలు ఆగేవాడు.

ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు, ఎవరు మౌనంగా ఉన్నారు అన్న లెక్కలు మన సాహిత్యంలోనూ ఎన్నికలొచ్చినప్పుడల్లా మొదలవుతాయి. లెక్క అడగడం తప్పని నేననను. కుక్కలా ఏమీ అడక్కుండా ప్రేమించేయమని మనుషులకి చెబితే, దాని లాభం అధికారంలో ఉన్నవాళ్ళకే. కానీ అడిగేటప్పుడు మన ముఖం మీద ఆ రెండు నవ్వుల్లో ఏది ఉందో చూసుకోవడం నేర్పినవాడు కుందేరా. ఆ నవ్వుల మధ్య కూడా ఒక మనిషి ఇంకా ఎన్నో ఏళ్ళు బతకాల్సి ఉంటుందని ఎషెనోజ్ పుస్తకం గుర్తుచేస్తుంది. కుందేరాని ఇదివరకే చదివినవాళ్ళు ఏడో భాగం మళ్ళీ తెరవండి. అది పూర్తికాగానే, ఆలస్యం చేయకుండా, ‘కురీర్’ మొదలుపెట్టండి. ఒక్క సాయంత్రం చాలు.