అడుగుకు ఎంత?

ప్లాస్టింగ్ పనికి మేస్త్రీని పిలిచిన ఇంటివాళ్ల నోట ముందు వచ్చే మాట ఒకటే: అడుగుకు ఎంత తీసుకుంటావు? బేరం అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. ఎంత పని చేస్తే అంత కూలి, న్యాయమే కదా అనిపిస్తుంది. కానీ చదరపు అడుగు లెక్కన ఇచ్చే డబ్బు నిజానికి వేగానికి ఇచ్చే డబ్బు. గోడకేమో వేగం పడదు.

ఎందుకు పడదో మా మేడమీద గది పని జరుగుతుంటే దగ్గరుండి చూశాను. మేస్త్రీ ముందురోజు సాయంత్రమే గోడ తడిపించాడు. పొద్దున్నే వచ్చి అరచెయ్యి ఆనించి చూసి, ఒక మూల పొడిగా ఉందని మళ్లీ నీళ్లు కొట్టించాడు. "ఎండిన ఇటుక మాలులో నీళ్లన్నీ లాగేస్తుందమ్మా. ఇక సిమెంటు ఎక్కడ పట్టుద్ది? గీకితే ఇసుక రాలుద్ది" అన్నాడు. తర్వాత గుండు దారం వేలాడదీసి, మందం గుర్తుకు గోడ మీద అక్కడక్కడా మాలు బిళ్లలు పెట్టాడు. పిల్లరూ ఇటుకా కలిసేచోట చికెన్ మెష్ కొట్టించాడు. ఎండకు కాంక్రీటూ ఇటుకా ఒకే తీరున సాగవు. మెష్ లేకపోతే ఆ అతుకు వెంబడే బీట పడుతుంది. ఇవన్నీ అయ్యేసరికి పూట గడిచిపోయింది. అడుగుల లెక్కలో ఆ పూటకు వచ్చేది సున్నా.

కాబట్టి మేస్త్రీని ఎంచుకోవడమంటే తొందర ఎక్కడ దూరుతుందో కనిపెట్టడమే. మాలు ఒక్కసారే గుట్టగా కలిపి, బిగుసుకున్నప్పుడల్లా నీళ్లు పోసి తిప్పుతున్నాడా? కలిపిన మాలు వీలైతే అరగంటలో గోడెక్కాలి. బయటి గోడకు 20 మిల్లీమీటర్ల మందం రెండు కోట్లలో రావాలి. తొందరపడేవాడు ఒకటే కోటు దట్టంగా కొడతాడు. అది జారుతుంటే తడి పీల్చడానికి పైన పొడి సిమెంటు చల్లి రుద్దేస్తాడు. ఆ రోజుకు గోడ అద్దంలా ఉంటుంది. కొన్నాళ్లకు సన్నసన్న పగుళ్లు అల్లుకుంటాయి. అందుకే నిన్న ముగించిన ఇంటిని చూపిస్తానంటే వద్దనండి. కనీసం ఒక వానాకాలం దాటిన ఇల్లు చూపించమనండి. వెళ్లాక వేళ్ల కణుపులతో గోడ మీద కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిందంటే ప్లాస్టింగ్ ఇటుకను వదిలేసినట్టే.

మేస్త్రీ వైపు న్యాయం కూడా ఒకటుంది. కొలతల దగ్గర తలుపులూ కిటికీలూ పూర్తిగా తీసేయాలని మనం పట్టుబడతాం. భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 అలా చెప్పదు. గోడకు రెండు వైపులా ప్లాస్టింగ్ చేస్తే, అర చదరపు మీటరు దాటి 3 చదరపు మీటర్ల లోపున్న ఖాళీని ఒక వైపు మాత్రమే తీసేయమంటుంది. మన మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు ఇందులోకే వస్తుంది. రెండో వైపు వదిలేసింది అంచుల పనికి సరి. అంచులు లాగడం మైదానంలాంటి గోడ కొట్టడం కన్నా ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు.

ఇసుక మనం తెచ్చేదైతే ఆ పూచీ మనదే. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, ఉప్పు కలిపిన నీళ్లతో గిలకొట్టి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే, మట్టి ఇసుక పైన పొరగా పేరుకుంటుంది. ఆ పొర మందంగా కనిపిస్తే లోడు వెనక్కి పంపడమే మేలు. రోబో శాండ్ అయితే కాంక్రీటుకు వాడే ముతక రకం పనికిరాదు, ప్లాస్టింగ్ రకమే అడగాలి.

ఇక నీళ్లు కొట్టడం. కనీసం వారం పాటు గోడ తడి ఆరకూడదు. లేబర్ కాంట్రాక్టులో ఇది ఎవరి పనో మాట్లాడుకోరు. మేస్త్రీ మనం కొడతామనుకుంటాడు, మనం అతని మనిషి వస్తాడనుకుంటాం. ఎండ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఎవరు కొడతారో, రోజుకు ఎన్నిసార్లో ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

అదే కాగితం మీద ఇంకో మాట రాయించండి: డబ్బులో పదో వంతు మొదటి వానలు పడి, గోడ చెమ్మెక్కలేదని తేలాక ఇస్తామని. రేటు తగ్గించి ఈ షరతుకు ముఖం చిట్లించే మేస్త్రీ కన్నా, అడుగుకు రెండు రూపాయలు ఎక్కువ అడిగి దీనికి ఒప్పుకునేవాడే చవక.