ఫాయర్‌బాఖుని ఉద్దేశ్యవిధేయ విపర్యయము

పరలోకము కలదను మతి గలవాఁ డాస్తికుఁడు, లేదను మతి గలవాఁడు నాస్తికుఁడు అని పాణినీయ చతుర్థాధ్యాయమందలి సూత్రమునకుఁ గాశికాకారులు చెప్పిన యర్థము. ఈశ్వరుని ప్రసక్తి యచట లేదు. కావుననే జగత్కర్తయగు నీశ్వరు నంగీకరింపని కుమారిలభట్టు మనకు నాస్తికుఁడు కాలేదు. ఈ భేదమును మొదటనే చెప్పుటకుఁ గారణము గలదు. జర్మను తత్త్వవేత్త లుడ్విగ్ ఫాయర్‌బాఖ్ (1804–1872) రెండర్థములందును నమ్మనివాఁడు. 1830లోఁ దన పేరు వేయక ప్రకటించిన గ్రంథమున జీవుని మరణానంతరస్థితిని త్రోసిపుచ్చెను; 1841లో ‘క్రైస్తవమత సారము’ అను గ్రంథమున నీశ్వరుని త్రోసిపుచ్చెను. మొదటి గ్రంథము విశ్వవిద్యాలయమున నాతని యుపాధ్యాయవృత్తికి ముగింపైనది. రెండవది కీర్తి తెచ్చినది.

త్రోసిపుచ్చెనని వ్రాసితిని గాని, రెండవ గ్రంథమునకు నా మాట చాలదు. ఈతఁడు హైడెల్‌బెర్గులోఁ గ్రైస్తవ మతశాస్త్రమును, బెర్లినులో హేగెలు సన్నిధిని తత్త్వశాస్త్రమును జదివినవాఁడు. పరిహాసము చేయుట కాతఁడు కలము పట్టలేదు. దేవుఁడు లేఁడని నమ్మియు, ‘దేవుఁడు’ అను పదమున కర్థమేమి, అది యిన్ని యుగములు మనుష్యుల హృదయములను పట్టియుండుట కేది మూలము అని విచారించినాఁడు. ఇది శాబ్దబోధ విచారమే. నావంటి వైయాకరణున కిందుఁ బ్రవేశము గలుగుట కిదియే హేతువు. జర్మనుభాష నాకు రాదు. 1854లో మేరియన్ ఇవాన్సు చేసిన యాంగ్లేయానువాదమును చదివితిని. పిమ్మట జార్జి ఇలియట్ అను కల్పితనామముతో నవలలు వ్రాసి ప్రసిద్ధి కెక్కిన విదుషీమణి యీమెయే.

గ్రంథమందలి యుపాయ మొక్కటే, అది మిక్కిలి సరళము. దేవునిగూర్చి చెప్పఁబడు ప్రతివాక్యమునందును విధేయము నుద్దేశ్యముగను, ఉద్దేశ్యమును విధేయముగను మార్పుమనును. ‘దేవుఁడు ప్రేమ’ యని క్రైస్తవుఁ డనఁగా, ‘ప్రేమ దైవము’ అని యీతఁడు చదువును. దేవునివి గనుక ప్రేమ జ్ఞానాదులు పూజ్యములని భక్తుఁ డనుకొనును. కాదు, ప్రేమ జ్ఞానాదులు పూజ్యములు గనుకనే వాని కాశ్రయముగా నొక దేవుఁడు భావింపఁబడెనని ఫాయర్‌బాఖుని సిద్ధాంతము. ఆ గుణములు మానవజాతివే యని యాతఁడు తేల్చును.

తెలుఁగున నిట్టి వాక్యమునకుఁ గ్రియాపద మక్కఱలేదు. కావున విపర్యయము మన చెవికి వెంటనే తగులదు. ‘ప్రేమయే దైవము’ అని యవధారణము చేర్చినఁ గొంత తెలియును. యోహాను మొదటి లేఖ నాలుగవ యధ్యాయమందలి గ్రీకుమూలమున దేవవాచకమునకు నిర్దేశకపదము గలదు, ప్రేమవాచకమునకు లేదు. అందుచే దేవుఁడే యుద్దేశ్యమని యా భాషలో స్పష్టము. పదముల వరుస మార్చినంతమాత్రమున నుద్దేశ్యము విధేయము కాదని చదువరు లెఱుఁగుదురు. ‘వృద్ధిరాదైచ్’ అను ప్రథమసూత్రమున సంజ్ఞ ముందు వచ్చినను నది విధేయమే. మంగళార్థము ముందుంచెనని భాష్యకారుఁడు సమాధానము చెప్పెను. ఫాయర్‌బాఖు మార్చినది వరుసను గాదు, వివక్షను.

ఈ మార్పు సాధువా? సంభవమును వ్యభిచారమును రెండు నున్నప్పుడే విశేషణము సార్థకమని మనవారి నియమము. కలువ నల్లనిదియుఁ గావచ్చును, కాకపోవచ్చును; కావున ‘నీలోత్పలము’ అనుట సార్థకము. ‘శీతలహిమము’ అనునపుడు విశేషణము వ్యర్థము. ప్రేమ దేవునికి విశేషణమందుమా, ప్రేమ లేని దేవుఁడు సంభవించును. అట్టి దేవుఁడు సంభవింపఁడందుమా, అది విశేషణము గాక యభేదమగును. అభేదమైనచో నేది ముందు చెప్పినను దోషమేమి? ఫాయర్‌బాఖు మన నియమము నెఱుఁగఁడు గాని, యీ రెండు కొమ్ముల నడుమనే క్రైస్తవుని నిలిపినాఁడు.

అవతారప్రకరణమున నీ తర్కము నిప్పువంటిదైనది. ప్రేమకై దేవుఁడు తన దైవత్వమును విడిచి మనుష్యుఁడైనచో, మనమును బ్రేమకై దేవుని విడువవలసినదే యని యాతని వాదము. ప్రేమ విధేయముగా నుండునంత కాలము దానివెనుక ప్రేమకంటె వేఱగు నుద్దేశ్య మొకటి చీఁకటిలో మిగిలియుండును; ఆ మిగిలిన దాని పేరిట క్రౌర్యము ధర్మమగును. ఇది వట్టి మాట కాదు. 1553లో జెనీవా పట్టణమున మైకేల్ సెర్వీటసును ద్రిత్వసిద్ధాంత నిరాకరణాది దోషము లారోపించి సజీవదహనము చేసినవారు యోహాను లేఖను జదువనివారు కారు. ఈ స్థలమున నాకుఁ బ్రతివచనము తోఁచలేదు. మనదేశమునను శివకేశవుల పేరిట జరిగిన కలహములను దలఁచుకొని పుస్తకమును గొంతసేపు మూసియుంచితిని.

అభేదపక్షము క్రైస్తవులకుఁ గ్రొత్తది కాదు. పదుమూఁడవ శతాబ్దివాఁడగు థామస్ అక్వినాసు దేవుని గుణములు దేవుని స్వరూపముకంటె భిన్నములు కావని వ్రాసెను. తైత్తిరీయమందలి బ్రహ్మలక్షణవాక్య విచారమున మన యాచార్యులకుఁ గలిగిన వివాదమును దీనికి దూరము గాదు. అది వేఱొకమాఱు.

దోష మెచ్చటనన, క్రొత్త యుద్దేశ్యమునందు. గుణములన్నియుఁ దీసివేసిన దేవుఁ డనునది శూన్యమని ఫాయర్‌బాఖు చెప్పును. ‘తస్య భావస్త్వతలౌ’ అను సూత్రభాష్యమున ద్రవ్యము గుణసంద్రావమని యొక నిర్వచనము గలదు. ఆ పక్షమున నీతని మాట చెల్లును. కాని యచటనే భాష్యకారుఁడు మఱియొకటి చెప్పెను: ఉసిరికకాయకు రంగులు వేఱువేఱుగాఁ బుట్టుచున్నను అది యుసిరికయే, గుణములు మాఱినను దేని తత్త్వము చెడదో యది ద్రవ్యము. మన జర్మను పండితుఁడు మొదటి సగమునే యెఱిఁగినాఁడు. అంతేకాక, దేవుని సర్వజ్ఞత్వము సంపూర్ణప్రేమ మొదలగు గుణములను ‘జాతి’ కిచ్చెను. ఏ మనుష్యుఁడును సర్వజ్ఞుఁడు కాఁడు గదా యన్న, జాతి యగునని సమాధానము. ఆ జాతిని జూచినవా రెవరు? ఒక దేవుని దించి మఱియొక యదృష్టవస్తువును బీఠ మెక్కించుట కాదా? 1844లో మాక్స్ స్టిర్నరు అనునాతఁ డిట్లే యాక్షేపించెను: ఉద్దేశ్యము పోయినను విధేయమునకు జరుగు పూజ పోలేదని. నాకును నిదియే సరియని తోఁచుచున్నది.

నాతోఁ బనిచేయు క్రైస్తవోపాధ్యాయుఁ డొకఁడు మొన్నటి వర్షకాలమునఁ గుమారుని బోఁగొట్టుకొనెను. ఈ గ్రంథమును జదువుచుంటినని తెలిసి తానును దీసికొనిపోయి చదివి తెచ్చి, ‘‘శాస్త్రిగారూ, ఇందున్నదంతయు దేవునిగూర్చిన మాట. నేను రాత్రులయందు మాటాడునది దేవునిగూర్చి కాదండీ, దేవునితో’’ ననెను. నేను బదులాడలేదు. కాని యా మాట వ్యాకరణమునకు సంబంధించినదే. సంబోధనపదము నుద్దేశ్యవిధేయభావములోఁ జొప్పింపరాదు. సిద్ధమైన వస్తువును దనకు నభిముఖముగాఁ జేసికొనుటయే సంబోధనమని భర్తృహరి మతము. సిద్ధము కానిదానిని బిలుచుట యెట్లు?

ఫాయర్‌బాఖు దీనిని మఱవలేదు. ప్రార్థనాప్రకరణమున భక్తుఁడు ‘నీవు’ అని పిలుచునది తన హృదయమునే యనును. సంబోధనము చేతనత్వమునకుఁ బ్రమాణము గాదని మనమును ఒప్పుకొనవలసినదే. యక్షుఁడు మేఘమును బిలిచెను, కామార్తులకుఁ జేతనాచేతన వివేకము లేదని కాళిదాసే తప్పు కాచెను. అయినను నొక చిక్కు మిగులును. త్యాగరాజస్వామి కీర్తనలందు మనసును బిలిచినవి పెక్కులు, రాముని బిలిచినవి పెక్కులు. మనసును మందలించును, బుజ్జగించును, బుద్ధి చెప్పును. రామునితో నలుగును, వేఁడుకొనును, ఏల రావని యడుగును. ఒకే గాయకుఁ డీ రెండు పిలుపులను నొకదానితో నొకటి కలుపలేదు. తన హృదయముతో మాటాడుట యెట్టిదో యెఱిఁగినవాఁడే వేఱొకనితో మాటాడుచున్నాఁడు. రెండును నొకటే యనువాఁ డీ భేద మెట్లు పుట్టెనో చెప్పవలెను. ఫాయర్‌బాఖు గ్రంథమున నా సమాధానము నాకుఁ గానరాలేదు.

ఈ సంగతి నా మిత్రునికిఁ జెప్పితిని. ఆతఁడు కొంతసేపు మాటాడక, పుస్తకమును మరల నడిగి తీసికొనిపోయెను. ప్రార్థనాప్రకరణమును మొదటినుండి చదువుచున్నాఁడు.