బంగారు కడ్డీల లాటరీ: ఇద్దరు డ్యూమాలు, మార్క్సు

సాహిత్యం పాలకవర్గాల చేతిలో ఆయుధమవుతుందని మనం తరచుగా అంటూంటాం. అనడం తేలిక. ఏ పుస్తకం, ఎవరి చేతిలో, ఏ అవసరానికి ఆయుధమయిందో చూపించవలసి వచ్చేసరికి మన విమర్శకులు చాలామంది తడబడతారు. 1850-51లో పారిస్ నగరంలో నడిచిన బంగారు కడ్డీల లాటరీ ఈ విషయంలో మనకు చక్కని పాఠం. ఆ లాటరీ ఊరించిన కాలిఫోర్నియా చుట్టూ మూడు రచనలున్నాయి. ఒకటి చిన్న డ్యూమా రాసిన ప్రచార పుస్తకం. రెండవది తండ్రి డ్యూమా రాసిన నవల. మూడవది మార్క్సు రాసిన ఒక అధ్యాయంలోని కొన్ని పుటలు. మూడింటినీ ఒకచోట పెట్టి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది.

1848 జనవరి 24న కాలిఫోర్నియాలో సట్టర్ అనే భూస్వామి కట్టిస్తున్న రంపపు మిల్లు కాలువలో మార్షల్ అనే వడ్రంగి కంటికి బంగారు రేణువులు కనిపించాయి. నెల తిరిగేలోపల పారిస్‌లో విప్లవం వచ్చి రాజు పారిపోయాడు. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కాని ఆ ఏడాది చివర బంగారం వార్త ఫ్రాన్సు చేరేనాటికి సంబంధం ఏర్పడింది. పని హక్కు కావాలన్న కార్మికులకోసం తెరిచిన జాతీయ కర్మశాలలను మూసివేయబూనడమూ, జూన్ 23 నుంచి 26 వరకు వీధుల్లో కార్మికుల నెత్తురు పారించడమూ అప్పటికే అయిపోయాయి. మిగిలినవాళ్ళకు పని లేదు. వాళ్ళు నగరంలో ఉండడం పాలకులకు నిద్ర పట్టనివ్వలేదు. బీదరికాన్ని పోగొట్టలేనివాడు దాన్ని ఎగుమతి చెయ్యాలని చూస్తాడు. సెప్టెంబరు 19 శాసనంతో 5 కోట్ల ఫ్రాంకులు కేటాయించి నిరుద్యోగులను అల్జీరియాకు తోలడం మొదలుపెట్టారు. (ఆ ఏప్రిల్‌లోనే ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయింది. చెరకుతోటల యజమానులకు కొత్త చేతులు కావలసివచ్చాయి. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను బూర్బన్ దీవికి ఓడలెక్కించిన దారి మళ్ళీ వాళ్ళకు గుర్తు వచ్చింది. ఒకే రిపబ్లిక్కు ఒక చేత్తో మనుషులను బయటికి పంపుతూ, రెండవ చేత్తో లాక్కుంటూ ఉంది.)

అల్జీరియా పేరు చెబితే జ్వరాలు గుర్తుకొస్తాయి. కాలిఫోర్నియా పేరు చెబితే బంగారం గుర్తుకొస్తుంది. 1849లో పారిస్‌లో కాలిఫోర్నియా కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టాయి. వాటాలు అమ్మినవాళ్ళు అమ్మారు, దివాలా తీసినవాళ్ళు తీశారు. చాలా కంపెనీలకు ఓడా లేదు, గనీ లేదు; అచ్చువేసిన వాటా పత్రం ఒక్కటే ఉంది. ఈ వ్యాపారానికి ప్రభుత్వ ముద్ర పడింది 1850లో. 70 లక్షల టిక్కెట్లు. ఒక్కొక్కటి ఒక ఫ్రాంకు. బహుమతుల మొత్తం 12 లక్షల ఫ్రాంకులు. అందులో మొదటి బహుమతి 4 లక్షల ఫ్రాంకుల విలువైన బంగారు కడ్డీ. మిగిలినదానితో ఐదువేలమంది బీదలను కాలిఫోర్నియాకు ఉచితంగా పంపుతామన్నారు. ఇందులో తెలివంతా ఆ ఒక్క ఫ్రాంకులో ఉంది. కంపెనీ వాటా కొనలేని కూలివాడు కూడా టిక్కెట్టు కొనగలడు. తనను దేశం దాటించడానికయ్యే ఖర్చును తన తోటి బీదవాడి జేబునుంచి తీయించి, దానికి దానధర్మమని పేరు పెట్టారు.

ఇక చిన్న డ్యూమా. "కామెలియాల కాంత" నవలతో అప్పటికే పేరు తెచ్చుకున్న యువకుడు. 1851లో లాటరీ చరిత్ర అంటూ మొదటి లాటరీనుంచి ఈ చివరి కడ్డీల లాటరీ దాకా వివరిస్తానని పుస్తకం రాశాడు. దాని శిల్పాన్ని గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. ఆ పేరులోనే పని జరిగిపోయింది. నిన్న పుట్టిన జూదానికి చరిత్ర కల్పించడం, వంశవృక్షం గీయడం. మన ఆస్థానకవులు కొత్తగా గద్దెనెక్కిన సామంతుడిని సూర్యవంశానికో చంద్రవంశానికో అంటగట్టలేదూ? అదే విద్య.

తండ్రి డ్యూమా సంగతి వేరు. 1852లో వచ్చిన "కాలిఫోర్నియాలో ఒక గిల్ బ్లా" చదవదగిన పుస్తకం. డ్యూమా కాలిఫోర్నియా ఎన్నడూ చూడలేదు. అక్కడికి పోయివచ్చిన ఒక యువకుడి దినచర్య తనకు దొరికిందని చెప్పుకున్నాడు. పని కరువైన యువకుడు హావ్ర్ రేవులో ఓడెక్కి, వాల్పరైజో మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరుతాడు. అక్కడ మూటలు మోస్తాడు, గని తవ్వుతాడు, వేటాడుతాడు, హోటల్లో వడ్డన చేస్తాడు. నగరం తగలబడుతుంది. బంగారం మాత్రం నిలవదు. ఇంత నిజం చెప్పిన పుస్తకాన్ని పాలకవర్గ సాహిత్యం అని తోసివేయడానికి వీల్లేదు. కాని ఈ నిజాన్ని డ్యూమా ఏ పాత్రలో పోశాడు? లెసాజ్ పద్ధెనిమిదవ శతాబ్దంలో తయారుచేసిన గిల్ బ్లా అచ్చులో. ఆ రకం నవలలో నాయకుడు రోజుకొక పని మారుస్తాడు, యజమానిని మారుస్తాడు. తెలివితేటలతో బతుకుతాడు, దెబ్బతిని నవ్వుతాడు. వాడికి తోటివాడు దారిలో తగిలిన స్నేహితుడే గాని, తనలాగే వీధినపడ్డ వర్గంలోని మనిషి కాడు. నిరుద్యోగం ఒక ప్రభుత్వం చేసిన పని. ఈ అచ్చులో పడేసరికి అది కుర్రవాడి సాహసయాత్ర అయిపోయింది. వస్తువు వాస్తవమైనంత మాత్రాన రచన వాస్తవిక రచన కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. డ్యూమా స్వయంగా 1851 డిసెంబరులో అప్పులవాళ్ళను తప్పించుకుని బ్రస్సెల్స్ పారిపోయినవాడు! పారిపోవడమంటే ఏమిటో ఆయనకు తెలియక కాదు.

"లూయీ బోనపార్టు పద్ధెనిమిదవ బ్రూమేర్"లో మార్క్సు ఈ లాటరీని పట్టుకున్న తీరు వేరు. కార్మికుడి సోషలిస్టు కలల స్థానంలో బంగారు కలలను కూర్చోబెట్టడమే దీని పని అంటాడు. పని హక్కుకు బదులు మొదటి బహుమతి. ఒకే నంబరుతో పదేసి, ఇరవయ్యేసి టిక్కెట్లు అచ్చువేశారని ఆరోపిస్తాడు. కదలకుండా పారిస్‌లోనే కూర్చుని కాలిఫోర్నియా బంగారం తవ్వుకున్న అసలు దేశదిమ్మరులు బోనపార్టూ, అతని అప్పుల బృందమూనని ఎద్దేవా చేస్తాడు. డ్యూమాకు చేతకాని పని ఇది: లాటరీని రాజ్యాధికారంతో ముడివేసి చూడడం. లాటరీ తీసింది 1851 నవంబరు 16న. పదహారు రోజులు తిరక్కుండా, డిసెంబరు 2న, బోనపార్టు రిపబ్లిక్కునే తీసేశాడు.

ఐతే మార్క్సులోనూ ఒక ఖాళీ ఉంది. దాన్ని చూపించడం అపచారం కాదు. ఓడెక్కినవాళ్ళకు పోలీసులు పెట్టిన దేశదిమ్మరి అన్న పేరును ఆయన బోనపార్టు మీదికి తిప్పికొట్టాడు, బాగుంది. కాని నిజంగా ఓడెక్కినవాడు ఆ పుటల్లో లేడు. ఈ పాఠం చెప్పేటప్పుడు మా విద్యార్థి ఒకడు, "పోరాటం వదిలి పారిపోయినవాళ్ళే కదండీ వాళ్ళు?" అన్నాడు. అడిగినవాడు వాడొక్కడే అయినా, మన వ్యాసాల్లో చాలావాటి ధోరణి అదే.

లాటరీ సొమ్ముతో పదిహేడు ఓడల్లో మూడు, నాలుగు వేలమంది 1853 వరకూ వెళ్ళారు. వాగ్దానం చేసిన ఐదువేలు ఎన్నడూ కాలేదు. హార్న్ అగ్రం చుట్టి ఐదారు నెలల ప్రయాణం. అంతకుముందు సొంతంగానూ, కంపెనీల ద్వారానూ వెళ్ళినవాళ్ళు ఇంకా చాలా ఎక్కువ. వీళ్ళలో జూన్‌లో బారికేడ్ల వెనుక నిలబడ్డవాళ్ళూ ఉన్నారు, వాళ్ళపై తుపాకులు పేల్చిన గార్డ్ మొబిల్ దళం రద్దయ్యాక వీధినపడ్డవాళ్ళూ ఉన్నారు. 1850లో కాలిఫోర్నియా ప్రభుత్వం విదేశీ గనికార్మికులపై నెలకు 20 డాలర్ల పన్ను వేసినప్పుడు, సొనోరా గనుల్లో మెక్సికన్లతో, చిలీవాళ్ళతో కలిసి ఫ్రెంచివాళ్ళు ఎదురుతిరిగారు. మరుసటి ఏడు ఆ పన్ను రద్దుచేయక తప్పలేదు. భాష తెలియని మూడు జాతులవాళ్ళు ఒక కొండవాలు మీద కలిసి నిలబడ్డారు. వీళ్ళను పారిపోయినవాళ్ళనడానికి నాకు నోరు రాదు.

అలాగని వాళ్ళను వీరులను చేద్దామా? 1852 అక్టోబరులో రావుస్సే బూల్బోన్ అనే దొర వెంట రెండువందల పైచిలుకు ఫ్రెంచివాళ్ళు మెక్సికోమీదికి దండెత్తి ఎర్మొసియో పట్టణం పట్టుకున్నారు. గనుల్లో ఓడినవాళ్ళకు దొర మరొక లాటరీ టిక్కెట్టు చూపించాడు, అంతే. 1854లో మళ్ళీ వెళ్ళాడు. ఆగస్టు 12న గ్వాయ్‌మాస్‌లో అతన్ని కాల్చి చంపారు. నమ్మి వెళ్ళినవాళ్ళు జైళ్ళపాలయ్యారు. పైగా, ఫ్రెంచివాడైనా అమెరికన్ అయినా పలుగు వేసిన ఆ నేల ఎవరిది? బంగారం బయటపడేనాటికి కాలిఫోర్నియాలో లక్షన్నర ఉండిన ఆదిమ ప్రజలు పాతికేళ్ళలోపల ముప్ఫైవేలకు దిగారు. తిండిలేక, జబ్బులతో, వేటాడి చంపగా. పారిస్‌లో వంచితుడైనవాడే ఇక్కడ ఆక్రమణదారు. ఇద్దరు డ్యూమాలు సరే, మార్క్సు పుటలు కూడా పారిస్ దగ్గరే ఆగిపోతాయి.

కాబట్టి ఈ పాఠానికి నాలుగవ రకం రచనలు కావాలి. ఏర్నెస్ట్ ద మస్సే ఇంటికి రాసిన ఉత్తరాలున్నాయి. ఎత్యెన్ డెర్బెక్ అనే పత్రికా రచయిత గనుల నుంచి "జూర్నల్ దె దెబా"కు పంపిన లేఖలున్నాయి. అమెరికన్లు తమను "కెస్కిడీ"లని వెక్కిరించిన కాలం అది. ఏం చెబుతున్నాడో తెలియక పక్కవాణ్ణి ఫ్రెంచిలో అడుగుతూండే మాటలోంచి పుట్టిన పేరు. అయితే మస్సే కూలివాడు కాడు, చదువుకున్నవాడు. డెర్బెక్ రాసింది బూర్జువా పత్రికకు. ఇంటికి ఉత్తరం రాసే అలవాటూ, దాన్ని దాచుకునే బీరువా ఉన్న ఇళ్ళూ కూలివాళ్ళలో తక్కువ. వచ్చే సంవత్సరం ప్రత్యేక పాఠ్యంగా డ్యూమా నవలను పెట్టదలచిన మిత్రులు దాని పక్కన ఈ లేఖలను, సొనోరా పన్ను వివాదపు కాగితాలను కూడా పెట్టి చెప్పాలని నా ప్రతిపాదన.