ఒకసారి చెబితే చాలదా?

మనం రోజూ మాట్లాడే ఇంగ్లీషులో ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ఏటీఎం అనే మూడక్షరాల్లో చివరిది మెషీన్‌కే గుర్తు. అయినా ‘ఏటీఎం మెషీన్’ అంటాం. పిన్‌లో చివరి అక్షరం నంబర్‌కి గుర్తు. అయినా ‘పిన్ నంబర్’ అంటాం. ‘రిటర్న్’ అంటేనే వెనక్కి ఇవ్వడం, దానికి మళ్ళీ ‘బ్యాక్’ తగిలిస్తాం. మన తెలుగు మాత్రం తక్కువా? ‘నడిసెంటరు’, ‘గేటు తలుపు’ అంటూనే ఉన్నాం.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం.

కొన్నిటికి న్యాయమైన కారణం ఉంది. వేరే భాష నుంచి వచ్చిన మాటకి అర్థం మరుగున పడితే, తెలిసిన మాట ఒకటి పక్కన చేరుతుంది. ఇంగ్లండులో ‘రివర్ ఏవన్’ అనే నది ఉంది. ఆ పేరు వచ్చిన పాత భాషలో ఏవన్ అంటేనే నది! అరబ్బీలో సహారా అంటేనే ఎడారులు, మనం ‘సహారా ఎడారి’ అని చదువుకుంటాం. అంత దూరం ఎందుకు, కన్నడంలో ‘హొస ఊరు’ అంటే కొత్త ఊరు. అదే మన హోసూరు. దాన్నే ‘హోసూరు టౌన్’ అంటున్నాం. కాబట్టి ఇంట్లో అవ్వ ‘ఏటీఎం మిషను’ అంటే నవ్వాల్సిన పనిలేదు. ఆమెకు ఏటీఎం అనేది ఒక పేరు, అంతే. ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ళు కూడా అలాగే అంటారు.

నాకు కోపం తెప్పించేది ‘ఫ్రీ గిఫ్ట్’. గిఫ్ట్ అంటేనే డబ్బు తీసుకోకుండా ఇచ్చేది. అంగడి బోర్డు మీద ‘రెండు కొంటే ఫ్రీ గిఫ్ట్’ అని ఉంటుంది. ఏమీ కొనకుండా అడిగి చూడండి, ఇస్తారా? నిజంగా ఉచితం కాదు గనకే ‘ఫ్రీ’ అని అంత పెద్ద అక్షరాలతో రాయాల్సి వస్తుంది. ఈ అదనపు మాట తెలియక వచ్చింది కాదు, మన చేత కొనిపించడానికి వచ్చింది.

ఇక మూడోది మన పిల్లల సంగతి. తెలుగు మీడియంలో చదివే మనలో చాలామందికి ఇంగ్లీషు రాయాలంటే భయం. ఒక్క మాట సరిపోదేమోనని ‘ఇన్ మై ఒపీనియన్ ఐ పర్సనల్లీ థింక్’ అనీ, ‘డిస్కస్ ఎబౌట్’ అనీ పెంచేస్తారు. ఎక్కువ మాటలు రాస్తే ఎక్కువ ఇంగ్లీషు వచ్చినట్టు అనుకుంటారు. అదే తెలుగులో ‘పుస్తకం తిరిగి వెనక్కి మళ్ళీ ఇచ్చాడు’ అని ఎవరైనా రాస్తారా? ‘తిరిగి ఇచ్చాడు’ అంటే చాలని మనకి తెలుసు. భాష మీద నమ్మకం ఉన్నచోట ఒక్క మాట చాలు.

మిత్రులారా, పరీక్ష చాలా సులభం. అనుమానం వచ్చిన మాటను కొట్టేసి వాక్యాన్ని మళ్ళీ చదవండి. అర్థం తగ్గకపోతే ఆ మాట అక్కరలేదు. ఈ పరీక్షను పెద్దవాళ్ళ మాటల మీద పెట్టకండి. మీ నోటుబుక్కు మీదా, అంగడి బోర్డుల మీదా పెట్టండి.